మైకు ఎవరి ముందుంది? మాట ఎవరి గురించి?

(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం మాట్లాడుకోవాల్సింది చెవి గురించి, నోటి గురించి. భూమి గురించి మాట్లాడుకున్నాం, కూలి గురించి మాట్లాడుకున్నాం, కేసుల గురించి మాట్లాడుకున్నాం. మధ్యలో ఈ చెవీ నోరూ ఏంటని కొందరికి అనిపించొచ్చు. కానీ ఆలోచించండి. భూమి పోయిందని ఎవరో చెప్తేనే కదా పదిమందికీ తెలిసేది? ఆ చెప్పే నోరు ఎవరిదో దాన్ని బట్టే కదా భూమి 'పోయింది' అంటారో, 'ఆక్రమించుకున్నారు' అంటారో తేలేది? నోరున్నవాడిదే ఊరు అని మన పెద్దలు ఊరకే అనలేదు.

ఇప్పుడు మన పల్లెల్లో ఏం వినపడుతోంది? పత్తి ఏరే చేల గట్టు మీద ఫోను పెట్టుకుని వింటున్నారు. ఆటో నడిపే తమ్ముడు వింటున్నాడు. గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే మన పిల్లలు చెవుల్లో తీగలు పెట్టుకుని గంటల తరబడి వింటున్నారు. పాటలే కాదు, మాటలు కూడా. ఇద్దరు ముగ్గురు కూర్చుని రాష్ట్ర రాజకీయాల గురించి, బడ్జెట్ గురించి, పథకాల గురించి, ఎవరు గెలుస్తారు, ఎందుకు గెలుస్తారు అని తీరిగ్గా మాట్లాడుకుంటారు. దాన్నే పాడ్‌కాస్టు అంటున్నారు. ఆ మాట పుట్టి రెండు దశాబ్దాలే. 2004 ప్రాంతంలో ఇంగ్లీషు పత్రికల్లో మొదలైంది. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు. రేడియో కార్యక్రమం లాంటిదే, కాకపోతే టైము ప్రకారం రాదు. రికార్డు చేసి పెడతారు, మనం ఎప్పుడు కావాలంటే అప్పుడు వినొచ్చు, ఆపొచ్చు, మళ్ళీ మొదటినుంచి వినొచ్చు. దానికి స్టేషను అక్కర్లేదు, పెద్ద స్తంభం అక్కర్లేదు, రేడియో స్టేషనుకు లాగా లైసెన్సు అక్కర్లేదు.

ఇంతవరకూ బాగానే ఉంది. మా ప్రశ్న ఒక్కటే. ఆ మైకు ఎవరి ముందుంది? మాట ఎవరి గురించి నడుస్తోంది?

నీళ్ళు ఉమ్మడివైనట్టే గాలీ ఉమ్మడిదే

కొంచెం వెనక్కి వెళ్దాం. ఒకప్పుడు ఊళ్ళో రేడియో ఎక్కడుండేది? పంచాయతీ ఆఫీసులో. అరుగు మీద ఎవరు కూర్చునేవాళ్ళు, కింద ఎవరు నిలబడేవాళ్ళు అన్నది మీ ఇళ్ళల్లో ముసలివాళ్ళని అడగండి, వాళ్ళు చెప్తారు. రేడియోలో వచ్చే మాట అందరికీ ఒకటే. అది వినే చోటు మాత్రం ఒకటి కాదు. పాడిపంటల కార్యక్రమం వినేవాళ్ళలో చేను ఉన్నవాడు వేరు, చేలో పనిచేసేవాడు వేరు. కార్యక్రమం మాత్రం చేను ఉన్నవాడి కోసమే నడిచింది.

ఈ సంగతి ఎప్పుడో కనిపెట్టినవాడు బాబాసాహెబ్. 1920 జనవరి 31న ఆయన మొదలుపెట్టిన పత్రిక పేరే 'మూక్‌నాయక్', అంటే నోరులేని వాళ్ళ నాయకుడు. అది కూడా మనదిలాగే పక్షపత్రికే. కొల్హాపూర్ సాహూ మహరాజ్ సాయం చేస్తే నిలబడింది. తర్వాత 1927లో మహద్ చెరువు పోరాటం జరిగింది. మార్చి 20న చెరువు నీళ్ళు ముట్టుకున్నారు, ఏప్రిల్ 3న 'బహిష్కృత్ భారత్' అనే పత్రిక మొదలైంది. రెండింటి మధ్యా రెండు వారాలే తేడా. చెరువు దగ్గర చెయ్యి నీళ్ళలో పెట్టడం ఎంత అవసరమో, ఎందుకు పెట్టామో మన నోటితో మనమే చెప్పుకోవడం అంతే అవసరమని ఆయనకు తెలుసు.

మన తెలుగు నేల మీద కూడా అంతే. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మ 1931లో 'భాగ్యనగర్' పత్రిక పెట్టాడు. రాజమండ్రి వైపు కుసుమ ధర్మన్న 'జయభేరి' నడిపాడు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపారు. ఆ గొడవ మొదలైందే మంచినీళ్ళ చెరువు దగ్గర. తర్వాత దళిత మహాసభ పుట్టింది, 1989లో బొజ్జా తారకం గారి ఆధ్వర్యంలో 'నలుపు' వచ్చింది. చూశారా, మనం నీళ్ళ కోసం కొట్లాడిన ప్రతిసారీ మాట కోసం కూడా కొట్లాడాం.

మరి గాలి సంగతి? రేడియో మాట గాలిలో వస్తుంది కదా, ఆ గాలి ఎవరిది? 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. క్రికెట్ ఆటలు టీవీలో చూపించే హక్కు గురించి వచ్చిన కేసు అది. ఆ కేసులో కోర్టు, ఆకాశ తరంగాలు ప్రజల ఆస్తి అని తేల్చింది. ఆ తీర్పు ఇచ్చిన వాళ్ళలో న్యాయమూర్తి సావంత్, మన తెలుగువాడు న్యాయమూర్తి జీవన్‌రెడ్డి ఉన్నారు. ఊరి చెరువులాగే ఆకాశంలో గాలి కూడా ఉమ్మడి ఆస్తి అని దేశంలో పెద్ద కోర్టు చెప్పిందన్నమాట.

చెప్పడం వేరు, ఇవ్వడం వేరు. 2002లో కమ్యూనిటీ రేడియోకి అనుమతి ఇచ్చారు, ఇచ్చింది విద్యాసంస్థలకే. 2006 చివర్లో గాని సంఘాలకు, స్వచ్ఛంద సంస్థలకు దారి దొరకలేదు. అప్పుడు 2008 అక్టోబర్ 15న జహీరాబాద్ దగ్గర మాచునూరులో సంఘం రేడియో మొదలైంది. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు నడిపే రేడియో. దేశంలో ఇలాంటి రేడియోల్లో అదే మొదటిదిగా లెక్కపెడతారు. 1995లో ఆ తీర్పు ఇచ్చిన సావంత్ గారే వచ్చి దాన్ని ప్రారంభించారు. జొన్నలు, కొర్రలు, విత్తనాలు, పండుగలు, పాటలు, ఆడవాళ్ళ ఆరోగ్యం, ఇవన్నీ వాళ్ళ యాసలో వాళ్ళే చెప్పుకున్నారు. పట్నం భాష నేర్చుకుని మైకు ముందుకు రాలేదు వాళ్ళు. మైకునే తమ భాషలోకి తెచ్చుకున్నారు. మనకు అది పెద్ద పాఠం.

కానీ అక్కడొక తాళం ఉంది, దాన్ని గమనించాలి. ఆ 2006 నియమాల్లోనే ఒక మాట రాశారు. కమ్యూనిటీ రేడియో వార్తలు, వర్తమాన వ్యవహారాలు, రాజకీయాలు చెప్పకూడదు అని. అంటే ఏమిటి? విత్తనం గురించి మాట్లాడొచ్చు. ఆ విత్తనం వేసే భూమి ఎవరి పేరు మీదుందో, ఎందుకుందో గట్టిగా అడిగితే అది రాజకీయం. వంట గురించి మాట్లాడొచ్చు. రేషన్ బియ్యం ఎవరు తిన్నారని అడిగితే అది వర్తమాన వ్యవహారం. మైకు ఇచ్చారు గానీ, అసలు మాట మింగేయమన్నారు.

పాడ్‌కాస్టుకు ఆ తాళం లేదు. అందుకే మేము దీన్ని పట్నం పిల్లల సరదా అని కొట్టిపారేయడం లేదు. ప్రభుత్వం ఏం చేస్తోంది, ఎందుకు చేస్తోంది, ఎవరికి చేస్తోంది అని వాడ నుంచి గొంతెత్తి అడిగే దారి ఒకటి ఇప్పుడు తెరుచుకుని ఉంది. అందులోకి మనం వెళ్ళకపోతే ఇంకొకరు వెళ్ళి మన తరఫున మాట్లాడేస్తారు. మాట్లాడేస్తున్నారు కూడా.

మనల్ని లెక్కపెట్టేవాళ్ళు, మనల్ని పిలవనివాళ్ళు

రాజకీయాల మీద, ప్రభుత్వ విధానాల మీద నడిచే పాడ్‌కాస్టుల్లో మంచివి లేవని మేము అనం. ఉన్నాయి. 2018 ప్రాంతంలో హిందీలో 'పులియాబాజీ' అని, కన్నడంలో 'తలె-హరటె' అని మొదలుపెట్టారు. కన్నడంలో హరటె అంటే కబుర్లు. పన్నులు, పట్టణాలు, రాజ్యాంగం లాంటి విషయాల్ని ఇంగ్లీషులో కాకుండా సొంత భాషలో కబుర్ల మాదిరిగా చెప్పొచ్చని వాళ్ళు చూపించారు. వాళ్ళ అభిప్రాయాలన్నీ మనకు నచ్చుతాయని కాదు. పద్ధతి నేర్చుకోవచ్చు అంటున్నాం.

కానీ మన రాష్ట్రాల రాజకీయాల గురించి నడిచే మాటల్లో ఎక్కువభాగం ఎలా ఉంటోంది? మూడు సంగతులు చెప్తాం, మీరు విన్నవాటితో పోల్చి చూసుకోండి.

మొదటిది, మనం వాళ్ళకు ఎన్నికలప్పుడే గుర్తొస్తాం. అదీ మనుషులుగా కాదు, శాతంగా. ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీలో 175 సీట్లలో 29 ఎస్సీ సీట్లు, తెలంగాణలో 119లో 19. 'ఈ 29 ఎటు పోతాయి, ఈ 19 ఎటు పోతాయి' అని గంటసేపు లెక్కలు కడతారు. ఆ సీట్లలో గెలిచినవాళ్ళు అసెంబ్లీలో మన గురించి ఎన్ని ప్రశ్నలు వేశారు, శ్మశానానికి దారిలేని పల్లెలు ఆ నియోజకవర్గాల్లో ఎన్ని ఉన్నాయి అన్న లెక్క మాత్రం రాదు. సంతలో గొడ్డును చూసినట్టు ఓటును చూస్తారు. గొడ్డుకైనా పళ్ళు చూస్తారు, మనకు అదీ లేదు.

రెండోది, 'ఉచితాలు' అన్న మాట. ఈ మాట వినీ వినీ మన పిల్లలే సిగ్గుపడే దశకు వచ్చారు. కొంచెం లెక్క చూద్దాం. తెలంగాణలో 2018లో రైతుబంధు పెట్టారు. ఎకరానికి పంటకు 4,000 రూపాయలు, ఏడాదికి రెండుసార్లు. పట్టా ఉన్నవాడికి పదెకరాలుంటే ఏడాదికి 80,000. ఎకరం ఉంటే 8,000. కౌలుకు చేసేవాడికి సున్నా. భూమిలేని కూలీకి సున్నా. చెమట ఎవరిది? పైసలు ఎవరికి? దాన్ని మాత్రం 'రైతు సంక్షేమం' అన్నారు. అదే 2021లో దళితబంధు అని కుటుంబానికి 10 లక్షలు అనేసరికి, అయ్యో ఖజానా ఖాళీ అయిపోతోంది, ఓట్లు కొంటున్నారు అని గగ్గోలు. దళితబంధులో లోపాలు లేవా? ఉన్నాయి. ఎవరిని ఎంపిక చేశారు, ఎమ్మెల్యే చెయ్యి ఎంత అని మనమూ అడగాలి. కానీ ఒకటి పెట్టుబడి, రెండోది ముష్టి ఎలా అయింది? 2025 జనవరిలో రైతు భరోసా కింద ఎకరానికి పంటకు 6,000 అన్నారు, భూమిలేని కూలీ కుటుంబానికి ఏడాదికి 12,000 అన్నారు. భూమిలేని మనిషి కూడా ఉన్నాడని లెక్కలోకి రావడానికి ఏడేళ్ళు పట్టింది. ఆ 12,000 మన వాడల్లో ఎంతమందికి ముట్టింది? పాడ్‌కాస్టు చేయాల్సింది దీని మీద. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. లెక్క చెప్పేవాడూ మనవాడు కావాలి, లేకపోతే మన విస్తరిలో మెతుకే కనపడుతుంది గానీ ఎదుటి విస్తరిలో ముద్ద కనపడదు.

మూడోది, ఎవరిని పిలుస్తారన్నది. పథకం గురించి మాట్లాడాలంటే రిటైరైన ఆఫీసరును పిలుస్తారు, ప్రొఫెసర్ని పిలుస్తారు, సర్వేలు చేసేవాళ్ళని పిలుస్తారు. పిలవొద్దని కాదు. హాస్టల్ గురించి మాట్లాడేటప్పుడు హాస్టల్లో చదివిన పిల్లను పిలవరేం? పారిశుద్ధ్యం విధానం మీద గంట మాట్లాడతారు, పొద్దున్నే కాలవ తీసిన మనిషిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టరేం? జబ్బు మాది, నాడి మాత్రం ఇంకొకడిది పడతామంటే వైద్యం ఎలా కుదురుతుంది?

మనం చేస్తే ఏం చేయాలి?

తిట్టుకుంటూ కూర్చుంటే లాభం లేదు. మనం మొదలుపెడితే ఏం మాట్లాడాలో మూడు ఉదాహరణలు చెప్తాం.

ఒకటి, సబ్‌ప్లాన్ డబ్బు. ఉమ్మడి రాష్ట్రంలో ఎంతోమంది ఉద్యమిస్తే 2013లో ఎస్సీ, ఎస్టీ సబ్‌ప్లాన్ చట్టం వచ్చింది. జనాభాలో మన వాటా ఎంతో ప్రణాళిక డబ్బులో అంత వాటా పెట్టాలి, మనకే ఖర్చు పెట్టాలి అని. తెలంగాణ 2017లో దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చుకుంది. ఖర్చుకాని వాటాను తర్వాతి సంవత్సరానికి కలపాలన్న ఏర్పాటు అందులో ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2013 చట్టానికి పదేళ్ళ గడువు అయిపోతే, 2023లో ఇంకో పదేళ్ళు పొడిగించారు. కాగితం మీద బాగానే ఉంది. అయితే 2013 చట్టంలోనే ఒక కంత ఉంది. విడదీసి పంచడానికి వీల్లేని పెద్ద పనులు, అంటే పెద్ద రోడ్డులాంటివి చేసినప్పుడు, ఆ ఖర్చులో కొంత భాగం ఎస్సీల కోసం పెట్టినట్టు లెక్క రాసుకోవచ్చు. రోడ్డు మీద మనమూ నడుస్తాం కదా అంటారు. నిజమే, నడుస్తాం. మరి మన వాడలోకి రోడ్డు వేసినప్పుడు దాని ఖర్చు ఊళ్ళో వాళ్ళ వాటాలో రాస్తారా? ఢిల్లీలో అయితే 2010 కామన్వెల్త్ క్రీడలకు ఎస్సీల కోసం పెట్టిన వందల కోట్లు మళ్ళించారని పార్లమెంటులోనే గొడవైంది.

దీని మీద ఇరవై నిమిషాల కార్యక్రమం ఎలా చేస్తాం? సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. మన మండలంలో ఈ నిధి కింద ఏ ఏ పనులు చేశారు, ఏ ఊళ్ళో చేశారు, ఎంత పెట్టారు అని దరఖాస్తు పెట్టాలి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్ళకు ఫీజు లేదు. జవాబు వచ్చాక ఆ కాగితం మైకు ముందు చదవాలి. 'ఫలానా ఊళ్ళో ఎస్సీ కాలనీకి సిమెంటు రోడ్డు' అని అందులో ఉంటే, ఆ ఊరెళ్ళి ఆ కాలనీలోనే నిలబడి రికార్డు చేయాలి. రోడ్డుంటే ఉందని చెప్పాలి. లేకపోతే బురదలో అడుగుల చప్పుడు వినిపించాలి. ఆఫీసరుకు ఫోను చేసి ఆయన చెప్పేదీ వినిపించాలి. దీనికి ఏ నిపుణుడూ అక్కర్లేదు.

రెండు, వర్గీకరణ. మనలో మనకు ఇబ్బంది కలిగించే విషయమే, అయినా తప్పించుకోకూడదు. 1994 జూలై 7న ఈదుమూడిలో మాదిగ దండోరా మొదలైంది. 2000లో ఉమ్మడి రాష్ట్రంలో వర్గీకరణ చట్టం వచ్చింది, 2004 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇరవై ఏళ్ళ తర్వాత, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆరుగురు ఒకవైపు, ఒకరు ఒకవైపుగా, రాష్ట్రాలు వర్గీకరించుకోవచ్చని చెప్పింది. 2025 ఏప్రిల్ 14 నుంచి తెలంగాణలో 59 కులాల్ని మూడు గ్రూపులు చేసి 1, 9, 5 శాతాలుగా పంచారు. అదే నెలలో ఆంధ్రప్రదేశ్‌లో ఆర్డినెన్సు తెచ్చి 1, 6.5, 7.5 శాతాలుగా పంచారు. రెండుచోట్లా మొత్తం 15 శాతమే. ఈ సంగతి మన ఇళ్ళల్లో ఎంతమందికి ఈ వరసలో తెలుసు? మాల ఇళ్ళల్లో ఒక ముక్క తిరుగుతోంది, మాదిగ ఇళ్ళల్లో ఇంకో ముక్క తిరుగుతోంది. రెండు ముక్కల్నీ తిప్పేవాళ్ళు కొన్నిచోట్ల ఒకళ్ళే. మాల అక్కను, మాదిగ అన్నను, రెల్లి తమ్ముడిని ఒకే మైకు దగ్గర కూర్చోబెట్టండి. డక్కలి, బుడగ జంగం ఇళ్ళ నుంచి చదువుకున్న పిల్ల ఒకరైనా ఉన్నారేమో వెతికి తీసుకురండి. ఈ ఇద్దరి పోట్లాట మధ్య వాళ్ళ గొంతు ఇంతవరకూ వినపడలేదు. ఎవరి వాదన వాళ్ళు చెప్పుకోవచ్చు, రెండు షరతులు. లెక్క తప్పు చెప్పకూడదు, ఎదుటివాడి కులాన్ని తిట్టకూడదు. వాడలో వాదన వాడలోనే నిజాయితీగా జరిగితే, దాన్ని ఊళ్ళో వాళ్ళు వేలం వేసుకోలేరు.

మూడు, కేసుల చరిత్ర. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపారు. బాధితులు పట్టుబడితే ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. చదువుకున్న మన పిల్లల్ని అడగండి, ఈ నాలుగు వాక్యాలు చెప్పగలిగినవాళ్ళు ఎంతమంది? ఆ రోజు కాలవ గట్ల మీద పరిగెత్తినవాళ్ళు, ఆస్పత్రి దగ్గర శవాల కోసం ఎదురుచూసినవాళ్ళు, తర్వాత ఏళ్ళ తరబడి శిబిరాల్లో బతికినవాళ్ళు ముసలివాళ్ళయిపోయారు. కొందరు వెళ్ళిపోయారు కూడా. కోర్టు కాగితంలో సాక్షి మాట ఇంగ్లీషులో, లాయరు అడిగిన ప్రశ్నకు జవాబుగా మాత్రమే ఉంటుంది. వాళ్ళు చెప్పుకోవాలనుకున్నది చెప్పుకున్న చోటు ఎక్కడుంది? ప్రతి జిల్లాలోనూ ఇలాంటి ఊళ్ళు ఉన్నాయి. ఆ గొంతులు బతికుండగానే పట్టుకోవాలి. అన్నింటికన్నా తొందరగా చేయాల్సిన పని ఇది. బడ్జెట్ వచ్చే ఏడూ వస్తుంది, ఎన్నికలు ఐదేళ్ళకు మళ్ళీ వస్తాయి. ఆ ముసలమ్మ గొంతు మళ్ళీ రాదు.

కొన్ని జాగ్రత్తలు

పని చేసేవాళ్ళ కోసం కొన్ని మాటలు. ఉన్న ఫోను చాలు. గాలి హోరు లేనిచోట, ఫ్యాను ఆపి, తలుపు వేసి కూర్చోండి. బొంతలో, వడ్ల బస్తాలో ఉన్న గది ఇంకా మంచిది, మాట గుయ్యిమని మోగదు. ఫోను మాట్లాడేవాళ్ళ నోటికి జానెడు దూరంలో పెట్టండి. ఇరవై నిమిషాలు దాటొద్దు. ఒక కార్యక్రమానికి ఒకే విషయం. అంకె ఏది చెప్పినా అది ఏ కాగితంలోదో చెప్పండి. కాగితం లేని అంకె నోట్లోంచి రాకూడదు. మనం ఒక్క అంకె తప్పు చెప్తే చాలు, మిగతా తొంభైతొమ్మిది నిజాలూ అబద్ధమని వాళ్ళు డప్పు వేస్తారు.

ఎవరి గొంతయినా వాళ్ళ ఒప్పుదలతోనే బయటికి వెళ్ళాలి. రికార్డు చేసింది వాళ్ళకు వినిపించి, వద్దన్న ముక్క తీసేయాలి. కేసు నడుస్తున్నప్పుడు సాక్షి గొంతు బయటపెట్టడం అతని ప్రాణానికీ ముప్పు, కేసుకూ ముప్పు. లాయరును అడక్కుండా చేయొద్దు. అత్యాచారం జరిగిన ఆడబిడ్డ పేరు, ఊరు, ఇంటివాళ్ళ ఆనవాలు ఏదీ బయటికి రాకూడదు. చట్టమూ అదే చెప్తోంది, మన ధర్మమూ అదే. కోపం ఉంటే ఉండనివ్వండి, కోపం మన హక్కు. వదంతి మాత్రం మన ఆయుధం కాదు.

అందరి దగ్గరా పెద్ద ఫోన్లు లేవు కదా అంటారు. నిజమే. ఒకే ఇంట్లో ఫోను మొగుడి దగ్గర ఉంటుంది, పెళ్ళాం దగ్గర ఉండదు. ఛత్తీస్‌గఢ్‌లో 2010లో 'సీజీనెట్ స్వర' అని మొదలుపెట్టారు. మామూలు మీటల ఫోనుతో ఒక నంబరుకు మిస్డ్‌కాల్ ఇస్తే తిరిగి ఫోను వస్తుంది. అందులో ఆదివాసీలు తమ గోడు చెప్పుకున్నారు, గోండీలో కూడా. కూలి డబ్బు రాలేదని, చేతిపంపు చెడిపోయిందని చెప్తే, విన్నవాళ్ళు ఆ ఆఫీసరుకు ఫోన్లు చేసేవాళ్ళు. మాట పైకి వెళ్ళడమే కాదు, అడిగేవాళ్ళు పదిమంది తయారయ్యారు. మనకు అలాంటి యంత్రం లేకపోయినా ఫర్వాలేదు. మెమొరీ కార్డులో వేసి ఇవ్వండి. వారానికి ఒక సాయంత్రం అంబేద్కర్ బొమ్మ దగ్గరో, కమ్యూనిటీ హాల్లోనో చిన్న స్పీకరు పెట్టి అందరూ కలిసి వినండి. ఆడవాళ్ళు పని ముగించుకుని వచ్చే టైము చూసి పెట్టండి, మగవాళ్ళకు తీరిక దొరికిన టైములో కాదు. విన్నాక ఆపేసి, 'ఇది మన ఊళ్ళో ఎలా ఉంది?' అని అడగండి. చదువుకున్న పిల్ల ఒకతి ఆ జవాబులు రాయాలి. వచ్చే కార్యక్రమం ఆ జవాబుల్లోంచే పుడుతుంది. ఒంటరిగా చెవిలో తీగ పెట్టుకుని వింటే అది కాలక్షేపం. పదిమంది కూర్చుని వింటే అది సంఘం.

ఇంకో మాట. ఈ పాడ్‌కాస్టులు నిలిచే చోట్లు కూడా కంపెనీలవే. ఇవాళ పైకి చూపిస్తారు, రేపు కిందికి తోస్తారు, ఎల్లుండి తీసేస్తారు. కాబట్టి ప్రతి రికార్డూ మన దగ్గర రెండుచోట్ల దాచుకోవాలి. ముఖ్యమైన మాటను కాగితం మీదికి ఎక్కించి ఇలాంటి పత్రికలో వేయాలి. గొంతు గుండెను కదిలిస్తుంది, కాగితం ఆఫీసును కదిలిస్తుంది. ఆర్డీవో టేబుల్ మీద పెట్టడానికి అర్జీ కావాలి, గొంతు సరిపోదు. అర్జీ వెనకాల పదిమంది నడవాలంటే గొంతు కావాలి. రెండెడ్లూ ఉంటేనే బండి కదులుతుంది.

దీంతోనే విప్లవం వస్తుందని మేము చెప్పడం లేదు. మైకు ముందు మాట్లాడి ఇంటికెళ్ళి పడుకుంటే భూమి రాదు, కూలి పెరగదు. కలెక్టరాఫీసు దాకా కాళ్ళతోనే నడవాలి. కానీ ఎందుకు నడుస్తున్నామో మన పల్లెలో ప్రతి మనిషికీ మన మాటల్లో తెలిసి ఉండాలి. రాజకీయాలంటే ఎవరు గెలుస్తారన్నది కాదు, పంపకం ఎలా జరుగుతోందన్నది అని తెలిసి ఉండాలి. విధానం అంటే పెద్దవాళ్ళ మాట కాదు, మన హాస్టల్లో పప్పు నీళ్ళలా ఎందుకుందో దాని వెనకున్న లెక్క అని తెలిసి ఉండాలి.

అందుకని ఇక్కడికి వచ్చిన ప్రతి మండలం వాళ్ళకూ పక్షం రోజులకు సరిపడా పని ఇస్తున్నాం. మూడు రికార్డింగులు. మీ ఊళ్ళో అరవై ఏళ్ళు దాటిన ఒక ఆడమనిషిది, ఆమె చూసిన ఊరి గురించి. హాస్టల్లో చదివే ఒక పిల్లది. ప్రత్యేక నిధి డబ్బు గురించి మీరు పెట్టిన సమాచార హక్కు దరఖాస్తు, దాన్ని మీ గొంతుతో చదివి. వచ్చే తరగతికి ఆ మూడూ పట్టుకుని రండి. అందరం కూర్చుని విందాం, తప్పులు దిద్దుకుందాం, అక్కడినుంచి ముందుకు పోదాం.

జై భీమ్.